మా పేట ఫోటోలు – 6: బ్యాకు ఎవరింటికి పోయింది?



పోయిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఇన్‌బాక్సులో ఒకటే అడిగారు. "అక్కా, చేతిలో ఇంత మంచి ఫోన్ ఉంది కదా. ఎప్పటిదో డొక్కు కెమెరా, దాని వెనక తగిలించే ఇనప డబ్బా, అందులో ఎనిమిదంటే ఎనిమిది ఫోటోలు. ఎందుకీ తిప్పలు?" ఒక తమ్ముడైతే ఇంకొంచెం గట్టిగా అడిగాడు. "ఇది డబ్బున్నోళ్ళ సరదా కదక్కా, మనకెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఇవాళ ఆ ఇనప డబ్బా గురించే రాస్తున్నాను. దాన్ని రోల్ ఫిల్మ్ బ్యాక్ అంటారు. మధ్యలో మరలు, మూతలు, చుట్టలు చాలా వస్తాయి. కాస్త ఓపిక పట్టండి. అవి తెలియకుండా నేను చెప్పాలనుకున్నది తెలియదు.

ముందు ఒక పాత సంగతి. 1969 నుంచి 1972 దాకా అపోలో యాత్రల్లో చంద్రుడి మీద దిగినవాళ్ళు వాడింది స్వీడన్‌లో తయారైన హాసెల్‌బ్లాడ్ కెమెరాలు. తిరుగు ప్రయాణంలో ప్రతి కిలో బరువూ లెక్కే. అక్కడి రాళ్ళు, మట్టి తెచ్చుకోవాలి. అందుకని చాలా కెమెరాలను లెన్సులతో సహా అక్కడే వదిలేశారు. వెనక తగిలించిన ఫిల్మ్ డబ్బాలను మాత్రం ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నారు. అంత ఖరీదైన కెమెరాను దుమ్ములో పడేసి వచ్చినా వాళ్ళకు నష్టం లేదు. ఆ డబ్బాను మర్చిపోతే మాత్రం తీసిన బొమ్మలన్నీ పోయినట్టే.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఏ పాత ఫోటో చూసినా నాకు ఒకటే ప్రశ్న. ఆ కెమెరా ఎవరిదని కాదు. ఫోటో తీశాక బ్యాకు ఎవరింటికి పోయింది?

బ్యాకు అంటే ఏమిటో చెప్తాను. పాతకాలం కెమెరాను మూడు భాగాలుగా ఊహించుకోండి. ముందు లెన్సు, షట్టరు. మధ్యలో మడతలు మడతలుగా తోలు తిత్తి, మన కొలిమి తిత్తి లాంటిదే. వెనక, వెలుగు వచ్చి పడే చోటు. మొదట్లో ఆ వెనక భాగంలో గాజు పలక పెట్టేవాళ్ళు. ఒక ఫోటోకి ఒక పలక. ఇరవై ఫోటోలు కావాలంటే ఇరవై పలకలు, వాటికి పెట్టెలు, ఆ పెట్టెలు మోయడానికి కూలి మనుషులు. కాబట్టి ఊరు ఊరు తిరిగి ఫోటోలు తీయడం సర్కారుకో, జమీందారుకో, పెద్ద స్టూడియోకో సాధ్యమయ్యే పని.

1885లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్, విలియం వాకర్ కలిసి ఒక రోల్ హోల్డర్ తెచ్చారు. మామూలు పలకల కెమెరా వెనక, పలక పెట్టే చోట దాన్ని తగిలిస్తే చాలు. లోపల పలకలుండవు, చుట్ట చుట్టిన ఫిల్మ్ ఉంటుంది. ఒక ఫోటో తీయి, మర తిప్పు, ఇంకో ఫోటో తీయి. ఇక్కడ ఒకటి గమనించండి. అందరూ కొనే రోల్ కెమెరా కంటే ముందే రోల్ బ్యాకు వచ్చింది. మూడేళ్ళ తర్వాత, 1888లో, అదే ఈస్ట్‌మన్ కొడక్ అనే పెట్టె కెమెరా అమ్మాడు. అందులో నూరు ఫోటోలకు సరిపడా ఫిల్మ్. అది అయిపోతే కెమెరాను ఉన్నదున్నట్టు కంపెనీకి పంపాలి. వాళ్ళే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త చుట్ట పెట్టి తిరిగి పంపేవాళ్ళు. మామూలు జనం చేతికి కెమెరా వచ్చింది గానీ, చీకటి గది మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

1901లో కొడక్ కంపెనీయే తన బ్రౌనీ కెమెరా ఒకదాని కోసం 120 అనే ఫిల్మ్ తెచ్చింది. అదే సైజు ఫిల్మ్ ఇవాళ్టికీ కొత్తగా తయారవుతోంది, మనకీ దొరుకుతోంది. వెడల్పు 6 సెంటీమీటర్ల పైచిలుకు. ఫిల్మ్ వెనక పొడవాటి కాగితం. ఆ కాగితం లోపలి వైపు నలుపు, బయటి వైపు అంకెలు. అంకెలు మూడు వరసల్లో ఉంటాయి. 6×9 సైజు తీసే కెమెరాకి 1 నుంచి 8 దాకా ఒక వరస. 6×6కి 12 దాకా ఒకటి. 6×4.5కి 16 దాకా ఒకటి. ఫిల్మ్ ఒకటే, మీ బ్యాకును బట్టి ఎనిమిదా, పన్నెండా, పదహారా అన్నది తేలుతుంది. 1920లు, 30ల్లో జర్మనీలో తయారైన మడత కెమెరాలు చాలావరకు 6.5×9 సెంటీమీటర్ల పలకల కోసం చేసినవి. వాటికి పలక బదులు 120 ఫిల్మ్ పట్టేలా రాడా, రోలెక్స్ లాంటి పేర్లతో బ్యాకులు విడిగా అమ్మేవాళ్ళు. నా దగ్గరున్నది అలాంటి జతే. హైదరాబాద్ కోఠిలో పాత సామాన్ల మధ్య దొరికింది.

దాంతో ఫోటో ఎలా తీస్తారో చెప్తాను. కెమెరాను స్టాండు మీద పెట్టి, వెనక గరుకు అద్దం తగిలించి, నెత్తి మీద నల్లగుడ్డ కప్పుకుని చూడాలి. ఎదురుగా కూర్చున్న మనిషి అద్దంలో తలకిందులుగా కనపడతారు. కళ్ళు స్పష్టంగా కనిపించేదాకా లెన్సును ముందుకూ వెనక్కూ జరపాలి. తర్వాత షట్టరు మూసి, అద్దం తీసేసి, ఆ గాడిలోనే బ్యాకును జారించాలి. బ్యాకుకి ముందువైపు పల్చటి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని డార్క్ స్లైడ్ అంటారు. అది ఉన్నంతసేపూ ఫిల్మ్ చీకట్లో ఉంటుంది. బ్యాకు తగిలించాక రేకు బయటికి లాగి, షట్టరు నొక్కి, మళ్ళీ రేకు లోపలికి తోసి, ఆ తర్వాతే బ్యాకు ఊడదీయాలి.

ఎన్నో ఫోటో అన్నది తెలియడానికి బ్యాకు వీపున చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. మర తిప్పుతుంటే కాగితం మీది అంకె అందులో కనపడుతుంది. ఎర్రదే ఎందుకంటే, ఆ రోజుల్లో ఫిల్ములకు ఎరుపు వెలుగు అంటేది కాదు. ఇప్పటి ఫిల్ములకు అంటుతుంది. అందుకని కిటికీ మూత ఎప్పుడూ మూసే ఉంచాలి, నీడలోనే తెరవాలి, అంకె కనపడగానే మూసెయ్యాలి.

తర్వాతి కాలం కెమెరాలు ఈ జాగ్రత్తలు వాటంతటవే తీసుకుంటాయి. 1948లో వచ్చిన మొదటి హాసెల్‌బ్లాడ్‌కి ఊడదీసే బ్యాకు ఉంది. ఆ కంపెనీ కెమెరాల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఏమిటంటే, రేకు లోపల ఉంటే షట్టరు నొక్కుకోదు, రేకు లోపల లేకపోతే బ్యాకు ఊడిరాదు. 1970లో జపాన్ నుంచి వచ్చిన మామియా ఆర్‌బీ 67కి బ్యాకును అడ్డంగా నిలువుగా తిప్పుకోవచ్చు, 120 రోల్‌కి పది ఫోటోలు. నా కెమెరాకి ఇవేవీ లేవు. అన్నీ మనిషే గుర్తుపెట్టుకోవాలి. అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఫోటో తీయగానే ఆ మనిషి పేరు, నంబరు రాస్తాను. ఫిల్మ్ ముందుకు తిప్పాక పక్కన టిక్కు పెడతాను. టిక్కు లేదంటే తిప్పలేదని అర్థం. తిప్పడం కూడా తర్వాతి మనిషి వచ్చి కూర్చున్నాకే. ముందే తిప్పి పెడితే ఫిల్మ్ లోపల ఉబ్బి, సమంగా ఉండదు, ఒకవైపు మసకబారుతుంది.

ఈ నోటుబుక్కు దగ్గరే నాకు ఇంకో పుస్తకం గుర్తొస్తుంది. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ సర్కారు ద పీపుల్ ఆఫ్ ఇండియా పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేసింది. ఈ దేశపు కులాలను, తెగలను ఫోటోల్లో పట్టి పెట్టడమే దాని పని. ఆ తర్వాత మద్రాసు మ్యూజియం అధికారిగా చేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఆయన తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు, కెమెరా కూడా వాడాడు. మాలలు, మాదిగలు కూడా ఆ సంపుటాల్లో ఉన్నారు. ఇలాంటి పుస్తకాల్లో చాలా బొమ్మల కింద మనిషి పేరుండదు, కులం పేరుంటుంది. పేరెందుకు లేదు? అడగలేదు కాబట్టి. ఎందుకు అడగలేదు? ఆ బొమ్మ ఆ మనిషికి ఇవ్వాల్సిన అవసరం లేదు కాబట్టి. బొమ్మ ఇచ్చే పనుంటే పేరు, ఇల్లు అడక్క తప్పదు. పలక మ్యూజియానికి పోయేదైతే కులం రాసుకుంటే సరిపోతుంది.

సర్కారు సంగతి సరే, మన స్టూడియోల సంగతేంటి? నా చిన్నప్పుడు మా పక్క టౌన్‌లో ఒక స్టూడియో ఉండేది. తెర మీద కొలను, హంసలు. మా పేటవాళ్ళు పెళ్ళయిన వారానికి కొత్త బట్టలతో వెళ్ళి అక్కడ ఒక ఫోటో దిగేవాళ్ళు. అప్పట్లో మన దేశంలోనే ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ అనే సర్కారు ఫ్యాక్టరీ ఇందు పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్ తయారుచేసేది. ఫోటోకి డబ్బులు కట్టింది మనం. ప్రింటు మన చేతికి వచ్చేది. నెగెటివ్ మాత్రం స్టూడియో కవరులో, నంబరు వేసి, అలమరాలో. ఇంకో కాపీ కావాలంటే మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి. స్టూడియో మూతపడ్డాక ఆ అలమరా ఏమైందని అడిగితే, పాత ఫిల్ముల్లో వెండి ఉంటుందని తూకానికి అమ్మేశారన్నారు. వెండి ఉండే మాట నిజమే. మా పేటలో ఒక తరం పెళ్ళి ఫోటోలు ఆ తూకంలో పోయాయి. వానకు కారిన ఇళ్ళల్లో ప్రింట్లూ పోయాయి.

అందుకే మా పెద్దమ్మ పోయినప్పుడు ఫ్లెక్సీకి ఫోటో దొరకలేదు. చివరికి ఆధార్ కార్డు మీది గోరంత బొమ్మను పెద్దది చేసి అచ్చేశారు. కళ్ళు చికిలించి, ఎవరో కసిరినట్టు బిక్కమొహంతో ఉంది అందులో. జీవితంలో నవ్వకుండా ఒక్క మాట మాట్లాడని మనిషి. పదకొండో రోజు దాకా ఆ ఫ్లెక్సీ మా వీధి మొదట్లో గాలికి కొట్టుకుంటూ ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి, మా వైపు చూసి, ఏమీ అనలేక ఊరుకున్నారు.

పేటలో ముసలివాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక మంచి ఫోటో ఉండాలని ఆ తర్వాతే అనుకున్నాను. ఆ కెమెరా అప్పటికే కొని మూలన పెట్టి ఉంది. పరీక్షగా ఒక రోల్ తీసి కడిగితే ప్రతి ఫోటోలోనూ ఒకే చోట, అంచున, తెల్లటి చార. ఒకే చోట వస్తోందంటే లెన్సు తప్పు కాదు, బ్యాకులోకే వెలుగు దూరుతోంది. రిపేరు షాపులో చూపిస్తే దీనికి సామాన్లు దొరకవమ్మా, పారేయండి అన్నారు.

మా తాతది తోలు పని, మా బాబాయిదీ అదే. డబ్బా తీసుకెళ్ళి బాబాయి ముందు పెట్టాను. ఆయన జన్మలో కెమెరా విప్పలేదు. రేకు లోపలికీ బయటికీ నాలుగుసార్లు లాగి చూశాడు. రేకు దూరే సందులో మఖ్మల్ గుడ్డ పట్టీ ఉంది, అరిగి బోడి అయిపోయింది. "వెలుగు ఇక్కణ్ణుంచే వస్తందమ్మాయ్" అన్నాడు. రంపెతో పాత గుడ్డ గీకేసి, ఆరె మొనతో సందులో ఉన్న జిగురంతా తీసి, టైలరు దగ్గర అడిగి తెచ్చిన నల్ల మఖ్మల్ ముక్కను సన్నగా కోసి అంటించాడు. గుడ్డ పీచు రేకు వైపు ఎటు వాలి ఉండాలో ఆయనే వేలితో రాసి తేల్చుకున్నాడు. "నీళ్ళు రాకుండా చెప్పు కుట్టినోడికి వెలుగు రాకుండా అంటియ్యడం ఎంతసేపే" అన్నాడు. తర్వాతి రోల్‌లో చార లేదు. ఇది డబ్బున్నోళ్ళ సరదా కదా అని అడిగిన తమ్ముడికి నా మొదటి జవాబు ఇదే. ఈ యంత్రాన్ని మన ఆరె, మన రంపె బాగుచేయగలవు. ఫోన్ పగిలితే అది మన చేతిలో పని కాదు.

రెండో జవాబు ఇంకా ముఖ్యం. 6×9 నెగెటివ్ దాదాపు అరచేతిలో సగం ఉంటుంది. దాన్ని పెద్దది చేసే మిషను అక్కర్లేదు. ఫోటో కాగితం మీద నెగెటివ్ పెట్టి, పైన గాజు పలక పెట్టి, బల్బు కొన్ని సెకన్లు వేసి, కాగితాన్ని మందుల్లో ముంచితే అదే సైజు ఫోటో వస్తుంది. దీన్ని కాంటాక్ట్ ప్రింట్ అంటారు. ఒకప్పుడు ఇళ్ళల్లో ఆల్బముల నిండా ఉన్న చిన్న ఫోటోలు చాలావరకు ఇలా వేసినవే. మూడు ప్లాస్టిక్ ట్రేలు, ఎర్ర బల్బు, గాజు ముక్క, కిటికీకి దుప్పటి. మా పేట కమ్యూనిటీ హాలు వెనక గదిలో ఇంటర్ చదివే ఆడపిల్లలు నలుగురు ఈ పని నేర్చుకున్నారు. తెల్ల కాగితం మీద వాళ్ళ నాయనమ్మ మొహం మెల్లగా తేలి వస్తుంటే వాళ్ళు వేసే కేకలు వీధిలోకి వినపడతాయి. కొడక్ పెట్టె నాటి నుంచి మన దగ్గర లేని చీకటి గది ఇప్పుడు మన దగ్గరుంది. రోల్ రేటు ఎక్కువే, ఒక రోల్ కొని కడిగేసరికి ఒక రోజు కూలి దాటుతుంది. అందుకే ఒక్కరు మొయ్యం. ఒక రోల్‌కి ఎనిమిది ఇళ్ళు, ఎనిమిది ఇళ్ళూ పంచుకుంటాం.

ఇక అసలు సంగతికి వస్తాను. పేటలో అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ ఒకరున్నారు. ఫోటోకి కూర్చోమంటే కూర్చుంది. అద్దంలో చూసి, బ్యాకు తగిలించి, రేకు లాగబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"తీస్తే తీశావు గానీ అమ్మాయ్, ఆ బొమ్మ ఎక్కడికెళ్తది?"

"నీకే ఇస్తాను మామ్మా."

"అందరూ అదే చెప్తారు. గుడిసెలు కాలినప్పుడు వచ్చి తీశారు. పింఛనుకని తీశారు. రేషను కార్డుకని తీశారు. నా మొహం ఎక్కడెక్కడ తిరుగుతుందో నాకే తెలవదు. ఒక్కటీ నా చేతికియ్యలా."

నేను బ్యాకు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాను. నీ బొమ్మ ఇందులో ఉంటుంది, కడిగిన తర్వాత ఆ ముక్క నీకే ఇస్తాను, నా దగ్గర ఉండదు అని చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, "సరే కానియ్" అంది. వారం తర్వాత ప్రింటుతో పాటు నెగెటివ్ ముక్కను కాగితం కవరులో పెట్టి ఇచ్చాను. ఆమె ప్రింటు కంటే ముందు నెగెటివ్‌నే వెలుగుకి పట్టి చూసింది. నల్లటి జుట్టు, తెల్లటి మొహం. "దీన్ని పెడితే మళ్ళీ మళ్ళీ వస్తదా?" అంది. వస్తుందన్నాను. రేషను కార్డు, పట్టా కాగితాలు పెట్టుకునే సంచిలో దాన్నీ పెట్టుకుంది.

బొమ్మ ఎక్కడికెళ్తుందన్న మామ్మ ప్రశ్న చిన్నది కాదు. 1956లో అమెరికాలో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫర్ లైఫ్ పత్రిక కోసం అలబామా వెళ్ళాడు. వాడింది రోలీఫ్లెక్స్, అది కూడా 120 ఫిల్మ్ కెమెరానే. అక్కడ నల్లవాళ్ళు రోజూ ఎలా బతుకుతున్నారో రంగుల్లో తీశాడు. గొప్ప పని, ఇవాళ్టికీ చూసి నేర్చుకోవాల్సిన పని. కానీ పత్రిక అచ్చయ్యాక ఆ ఫోటోల్లో ఉన్న ఆలీ లీ కాసీ అనే టీచరమ్మ ఉద్యోగం పోయింది. ఆ కుటుంబం ఊరే వదిలి వెళ్ళాల్సి వచ్చింది. పార్క్స్ మనవాడే, మనసు మంచిదే. అయినా బొమ్మ న్యూయార్క్ నుంచి అలబామాకి తిరిగి వచ్చినప్పుడు దెబ్బ తగిలింది బొమ్మలో ఉన్నవాళ్ళకి. పార్క్స్ 2006లో పోయాడు. ఆ సీరీస్‌లో పోయాయనుకున్న రెండు వందలకు పైగా ఫిల్ములు ఆయన పోయిన ఆరేళ్ళకు ఒక పెట్టె అడుగున బయటపడ్డాయి. ఇప్పుడు మనం ఆ బొమ్మలు చూస్తున్నామంటే ఆ ఫిల్ములను పారేయకుండా ఉంచబట్టే. రెండూ నిజమే. ఫిల్మ్ దాచుకుంటే చరిత్ర మిగులుతుంది, దాన్ని ఎవరు ఎక్కడ చూపిస్తారన్నదాన్ని బట్టి ఒక కుటుంబం రోడ్డున పడొచ్చు.

అందుకే ఇప్పుడు నా దగ్గర రెండు బ్యాకులున్నాయి. ఊడదీసే బ్యాకులో ఉన్న సుఖమే అది. ఒక రోల్ సగంలో ఉండగానే రేకు మూసి, దాన్ని తీసి, ఇంకోటి తగిలించవచ్చు. ఒకదానికి ఎర్రదారం కట్టాను, అది ఇంటి బ్యాకు. అందులో తీసినవన్నీ కడిగాక కోసి ఎవరి ముక్క వాళ్ళకి ఇచ్చేస్తాం. వాళ్ళు ఒప్పుకుంటేనే స్కాన్ చేస్తాం, వద్దంటే లేదు. రెండోదానికి నీలిదారం, అది సంఘం బ్యాకు. సభలు, ధర్నాలు, శ్మశానం దారి గొడవలు, కూల్చిన గోడలు. ఆ నెగెటివ్‌లు ఎవరికీ విడిగా ఇవ్వం. రోల్ మొత్తానికీ ఒకే కాగితం మీద కాంటాక్ట్ ప్రింట్ వేసి, తేదీ వేసి, వరసగా దాస్తాం. ఫిల్మ్ అంచున కంపెనీ వేసిన గుర్తులుంటాయి కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్నది వరస చూస్తే తెలుస్తుంది. మధ్యలో ఒకటి కోసేస్తే ఆ వరస పోతుంది. ఒకే కెమెరా, ఒకే లెన్సు. ఏ బ్యాకు తగిలించామన్నదాన్ని బట్టి అది ఎవరి బొమ్మో మారిపోతుంది. అందుకే రేకు లాగే ముందే ఎదుటి మనిషికి చెప్పాలి, ఇది ఏ దారం డబ్బాలోకి పోతుందో.

ఉద్యమంలో ఉన్నవాళ్ళకి ఒక మాట. దాడి జరిగిన చోటికి ఈ కెమెరా తీసుకెళ్ళకండి. ఫోన్ తీసుకెళ్ళండి. గాయాలు, కాలిన ఇళ్ళు, వచ్చిన బండ్ల నంబర్లు వెంటనే తీయాలి, వెంటనే నలుగురికి పంపాలి. ఒకప్పుడు కోర్టులో ఫోటో పెడితే నెగెటివ్ ఏదని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ ఫోటో పెడితే సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. పాత సాక్ష్య చట్టంలో అది 65బి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. తీసిన ఫోన్‌ని అమ్మెయ్యకండి, అసలు ఫైలును చెరపకండి, వాట్సాప్‌లో వచ్చిన కాపీని అసలు అనుకోకండి. పేరు మారిందే గానీ సూత్రం ఒకటే. మొదటిది ఎవరి దగ్గరుంది?

ఇక నేర్చుకుంటామన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కొన్ని జాగ్రత్తలు.

ఒకటి, బ్యాకు కొనేముందు అది మీ కెమెరా గాడిలో బిగుతుగా కూర్చుంటుందో లేదో చూడండి. ఒకే సైజు పలకలకైనా ఒక్కో కంపెనీ గాడి ఒక్కోలా ఉండేది. పేరు చూసి కొనకండి, కెమెరా పట్టుకెళ్ళి తగిలించి చూడండి.

రెండు, గరుకు అద్దం ఉన్న దూరం, ఫిల్మ్ కూర్చునే దూరం ఒకటే అవ్వాలి. ఇటుకల వరసను ఏటవాలుగా నిలబెట్టి, మధ్య ఇటుక మీద సరిచూసి ఒక ఫోటో తీయండి. నెగెటివ్‌లో వేరే ఇటుక స్పష్టంగా ఉందంటే బ్యాకు తేడాగా ఉన్నట్టు.

మూడు, చీకటి గదిలో ఖాళీ బ్యాకు లోపల చిన్న టార్చి పెట్టి సందులన్నీ చూడండి. వెలుగు బయటికి వచ్చే చోటే లోపలికీ వస్తుంది. పాతవాటిలో మఖ్మల్, తర్వాతివాటిలో స్పాంజి ఉంటుంది. స్పాంజి జిగురుగా కరిగిపోయి ఉంటే మార్చాల్సిందే.

నాలుగు, ఫిల్మ్ ఎక్కించడం, దించడం నీడలో చేయండి. కాగితం నల్లవైపు లెన్సుకేసి ఉండాలి, అంకెల వైపు కిటికీకేసి. రోల్ అయ్యాక కాగితం చివరిదాకా తిప్పి, చుట్ట వదులు కాకుండా పట్టుకుని, చివరి పట్టీని నాలుకతో తడిపి అంటించండి.

ఐదు, రోల్ సగంలో రోజుల తరబడి ఉంచకండి. రోలరు దగ్గర వంగిన చోట ఫిల్మ్‌కి మడత అలవాటై, తర్వాతి ఫోటో మసకగా వస్తుంది. ఎనిమిదీ ఒకే పూటలో తీసెయ్యండి.

ఆరు, ఫోటో తీసే ముందు పేరు అడగండి. ఇంటి పేరుతో సహా, ఆ మనిషి చెప్పినట్టే రాయండి. కవరు మీద అదే పేరు ఉండాలి.

ఇప్పటికి మా పేటలో అరవై దాటినవాళ్ళలో ముప్పై ఒక్కమంది కవర్లు వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి చేరాయి. ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు. వచ్చే ఆదివారం వాళ్ళలో ఎనిమిది మంది. మీ పేటలో ఎంతమంది ఉన్నారో ఈ వారం లెక్కపెట్టి కామెంట్లలో రాయండి. కెమెరా లేదని ఆగొద్దు. ముందు పేర్లు రాసుకోండి.

వచ్చే భాగంలో ఫిల్మ్ కడిగే మందులు, నీళ్ళ వేడి, మా హాలు వెనక గది సంగతులు రాస్తాను.

జై భీమ్.